ఒకే రోడ్డు మీద తండ్రీకొడుకులు

డాలస్‌లో ఉండే కొడుకు దసరాకు వచ్చి వెళ్తూ మహబూబ్‌నగర్ ఇంట్లో రెండు వస్తువులు వదిలి వెళ్లాడు. ఒకటి ముందుగదిలో సగం మింగేసిన ట్రెడ్‌మిల్. 1818లో విలియం క్యూబిట్ అనే ఇంగ్లండ్ ఇంజినీరు జైళ్లలో ఖైదీల చేత తొక్కించడానికి తయారుచేసిన చక్రానికి ఇది వారసురాలు. అప్పట్లో శిక్ష, ఇప్పుడు ఈఎంఐ.

రెండోది కోటు గుండీ అంత సెన్సర్. దాన్ని బూటు లేసుకు తగిలిస్తారు. పాదం నేలను ఎప్పుడు తాకింది, ఎంతసేపు ఆనింది, ఎంత విసురుగా లేచింది అన్నది లోపలి యాక్సిలరోమీటర్ పసిగడుతుంది. దాన్నిబట్టి వేగం లెక్కగట్టి బ్లూటూత్‌లో ట్యాబ్‌కు అందిస్తుంది. ట్యాబ్‌లో జ్విఫ్ట్ అనే యాప్. సైకిలు తొక్కేవాళ్ల కోసం పుట్టిన ఈ ఆట 2018లో పరుగువాళ్లనూ రానిచ్చింది. అందులో వటోపియా అని ఓ లేని దీవి ఉంటుంది, దానికి సముద్రమూ అగ్నిపర్వతమూ ఉంటాయి. ఇక్కడ మనిషి బెల్టు మీద ఉరికితే అక్కడ అతని బొమ్మ ఉరుకుతుంది. ఎవరు ఏ దేశంలో ఉన్నా అందరూ ఒకే రోడ్డు మీద కలవొచ్చు.

ఇక్కడ పొద్దున ఆరంటే డాలస్‌లో చలికాలం ముందురోజు సాయంత్రం ఆరున్నర. ఆ వేళకు ఇద్దరూ రోడ్డెక్కాలని కొడుకు షరతు. తండ్రి రిటైర్డ్ హెడ్మాస్టరు, షుగరు మనిషి. పిల్లలమర్రి చూడబోయినా చెట్టు చుట్టూ తిరగకుండా బెంచీ వెతుక్కునే రకం. కొలతలో తేడా రాకూడదని కొడుకు ఆయన్ని స్టేడియం ట్రాక్ మీద నడిపించి మరీ సెన్సర్‌ను సరిచేసి వెళ్లాడు. చదువుకున్నవాడు కదా, మీటర్ల దగ్గర మోసపోడు.

వారం తిరక్కముందే ఆయనకు మోకాళ్లు పట్టేశాయి. మానేస్తే కొడుకు నొచ్చుకుంటాడు. పైగదిలో మక్తల్ వైపు పల్లె నుంచి వచ్చిన కుర్రాడు అద్దెకున్నాడు, కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. ఉన్న ఒక్క జత బూట్లకూ అడుగు ఊడింది.

"బిడ్డా, స్టేడియంల ఉరికేది ఈడనే ఉరుకు. బూట్లు నేనిప్పిస్త. కిరాయి సగమియ్యి."

ఈ పాలమూరు కూలీలు దేశం నిండా ఆనకట్టలు కట్టి వచ్చారు. ఇంకొకరి కోసం చెమటోడ్చడం ఈ నేలకు కొత్త కాదు. కుర్రాడు గుండీ తగిలించుకుని ఎక్కేశాడు. హెడ్మాస్టరు పక్కనే కుర్చీలో చాయ్ తాగుతూ పేపరు తిరగేసేవాడు. తెర మీద డాలస్ నుంచి ఇంగ్లీషు అక్షరాల తెలుగులో వచ్చే పలకరింపులను చూడటం, ఓ బొటనవేలు బొమ్మ తిరిగి పంపడం కూడా కుర్రాడికే అప్పజెప్పాడు.

నెలలోనే తండ్రి బొమ్మ కొడుకు బొమ్మను ఆమడ దూరం వెనక వదిలేయసాగింది. సరిగ్గా 1600 మీటర్లు ఉరికి ఆగుతుంది, ఊపిరి పీల్చుకుని మళ్లీ 1600. కొడుకు పొంగిపోయి చుట్టాల వాట్సాప్ గ్రూపులో తెరఫోటో పెట్టాడు: "అరవై దాటిన మా నాన్న 7 నిమిషాల్లో 1600 మీటర్లు!" లోకమంతా చప్పట్లు. 2022 పోలీసు నోటిఫికేషన్‌లో పరుగు దగ్గరే తప్పిన మేనబావ ఒక్కడే అడిగాడు: "7 నిమిషాల 15 సెకండ్లల్ల 1600 మీటర్లు ఉరకాల్నన్నది కానిస్టేబుల్ రూలు గద బావా. మామ గిట్ల పోలీసుల చేరుతున్నడా ఏంది?"

కొడుక్కు అనుమానం తగిలింది. మర్నాడు పొద్దున సరిగ్గా ఆరుంబావుకు ఆఫీసు కుర్చీలోంచే తల్లికి వీడియో కాల్ చేశాడు. ఆ తల్లికి ఏం తెలుసు, "నాయనతోని మాట్లాడుతవా" అంటూ ఫోన్ తీసుకెళ్లి ముందుగదిలో పట్టుకుంది. బెల్టు మీద కుర్రాడు, కుర్చీలో చాయ్‌తో తండ్రి.

"సిగ్గు లేదా నాన్నా? ఇన్ని రోజులు నా పక్కన ఉరికింది వీడా? నేను ఆఫీసు పని పక్కన పడేసి, రోజూ నీ కోసం టైముకు ఇంటికొచ్చి..."

హెడ్మాస్టరు కప్పు కింద పెట్టి తల దించుకున్నాడు. కుర్రాడు బెల్టు ఆపి, రొప్పుతూ ఓసారి ఫోన్ వైపు, ఓసారి ట్యాబ్ వైపు చూశాడు.

"సార్, మీరు ఆఫీసుల కూసున్నరు గద. మరి ఈడ మీ పేరు మీద బొమ్మ ఇంకా ఉరుకుతనే ఉన్నది. రోజు 'మామయ్యా, మోకాళ్లు పైలం' అని రాసేది ఎవరు సార్?"