లెక్కలో లేని మనిషి

1938 ఏప్రిల్ 10న ఆస్ట్రియా అంతటా ఓట్లు వేయించారు. హిట్లర్ సైన్యం దేశంలోకి దిగి అప్పటికి నెల కావస్తోంది, జర్మనీలో కలిపేసుకోవడమూ అయిపోయింది. ఇప్పుడు ‘మీకు ఇష్టమేనా’ అని జనాన్ని అడుగుతున్నారు. తాళి కట్టేసి పిల్ల ఇష్టం కనుక్కున్నట్టు.

బవేరియా సరిహద్దున సాంక్ట్ రాడెగుండ్ అనే చిన్న పల్లె ఉంది. హిట్లర్ పుట్టిన బ్రౌనావ్ అక్కడికి పెద్ద దూరమేమీ కాదు. ఊరు ఊరంతా ఇష్టమేనంది. ఒక్క ఓటు మాత్రం వద్దని పడింది. ఊరి పెద్దలు దాన్ని లెక్కలోంచి తీసేసి, మా ఊరు నూటికి నూరు పాళ్లూ మీవైపేనని పైకి రాసి పంపారు. ఊరికి మాట రాకూడదనుకున్నారు కాబోలు.

ఆ ఓటు ఫ్రాంజ్ యేగర్‌స్టెట్టర్ అనే రైతుది. పుట్టుభక్తుడేమీ కాదు. కుర్రతనంలో కొట్లాటల మనిషి, ఊళ్లో మొదటి మోటారు సైకిలు అతనిదే. 1936లో ఫ్రాంజిస్కాను పెళ్లి చేసుకుని, ఆమెను వెంటబెట్టుకుని రోముకు వెళ్లి వచ్చాడు. ఆమె చేయి పట్టాకే విశ్వాసం లోతుకు దిగిందని తర్వాత చాలామంది రాశారు. ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు. ఒకపక్క సేద్యం, మరోపక్క చర్చిలో పూజకు కావలసినవి సర్దిపెట్టే పని.

1940లో సైన్యం పిలిస్తే వెళ్లి శిక్షణ తీసుకున్నాడు. పొలం పనుల పేరు మీద ఇంటికి పంపారు. అక్కడితో తేల్చేసుకున్నాడు, మళ్లీ పిలిస్తే తుపాకీ పట్టేది లేదని. వాదన చాలా సాదా. పక్క దేశాల మీద పడి దోచుకునే యుద్ధం పాపం. పాపమని తెలిసీ చేస్తే రేపు దేవుడికి జవాబు చెప్పాల్సింది తనే, హిట్లర్ కాదు. నాజీలకు నచ్చని ప్రసంగం చేశాడని తన ఊరి ఫాదర్‌ను జైల్లో పెట్టడం కళ్లారా చూసినవాడు మరి.

తనకు తోచింది సరైనదో కాదో అడగడానికి లింట్స్ బిషప్ ఫ్లీసర్ దగ్గరికి వెళ్లాడు. పెళ్లాం పిల్లల్ని చూసుకోవడం నీ బాధ్యత, ప్రభుత్వం చేసే యుద్ధంలో న్యాయాన్యాయాలు తేల్చడం నీ బాధ్యత కాదని బిషప్ చెప్పి పంపాడు. తల్లీ వద్దంది, బంధువులూ వద్దన్నారు. ఫ్రాంజిస్కా కూడా మొదట్లో బతిమాలింది. తర్వాత మానేసింది. తనూ కాదంటే ఆయన పక్కన ఇంకెవరూ మిగలరని ఆమె తర్వాత చెప్పుకుంది.

1943 మార్చి 1న ఎన్స్ పట్టణంలోని సైనిక శిబిరానికి తనంతట తనే వెళ్లి, యుద్ధం చేయనని మొహం మీదే చెప్పాడు. గాయపడ్డవాళ్లకు సేవ చేసే పని ఇస్తే చేస్తానన్నాడు. వినలేదు. బెర్లిన్ తీసుకెళ్లి జులై 6న మరణశిక్ష వేశారు. మాట వెనక్కి తీసుకో, బతుకుతావని లాయరు చెప్పాడు. చివరిచూపుకు ఫ్రాంజిస్కాతో కలిసి వెళ్లిన మరో ఫాదర్ కూడా నచ్చజెప్పబోయాడు. జైలు గురువు ఒకరు మాత్రం, రైనిష్ అనే ఫాదర్ ఏడాది కిందట ఇదే పట్టు పట్టి ప్రాణం ఇచ్చాడని చెప్పారు. విని స్థిమితపడ్డాడట. ఒకరైనా ఉన్నారు.

ఆగస్టు 9న బ్రాండెన్‌బుర్గ్ జైల్లో గిలోటిన్ కింద తల తీశారు. అప్పటికి 36 ఏళ్లు.

యుద్ధం ముగిసింది. హిట్లర్ పోయాడు. 1946లో యేగర్‌స్టెట్టర్ గురించి లింట్స్ చర్చి పత్రికలో రాయబోతే బిషప్ ఫ్లీసర్ వద్దన్నాడు. ఆయన లెక్కలో అంతకంటే గొప్ప వీరులు, చెప్పిన చోటికి వెళ్లి పోరాడి చనిపోయిన కథోలిక యువకులే. 2007 అక్టోబరు 26న అదే లింట్స్ కేథడ్రల్‌లో యేగర్‌స్టెట్టర్‌ను ధన్యుడిగా ప్రకటించారు. 94 ఏళ్ల ఫ్రాంజిస్కా అక్కడే ఉంది.

అంత ఆలస్యంగా దక్కిన గౌరవం గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. నడుమ ఆమె ఎలా బతికిందో చెప్పేవాళ్లే తక్కువ. మొగుణ్ణి చావుకు పంపింది ఈవిడే అని ఊళ్లో మాట. చేతిలో ముగ్గురు పిల్లలు, మీద పొలం. యుద్ధంలో భర్తలను పోగొట్టుకున్న వాళ్లకు వచ్చినట్టే తనకూ పింఛను వస్తుందనుకుంది. రాదన్నారు. 1950 దాకా రాలేదు.

అలా అన్నది హిట్లర్ ప్రభుత్వం కాదు, అది ఎప్పుడో కూలిపోయింది. హిట్లర్ చేతిలో మొట్టమొదట బలైన దేశం మాదేనని లోకానికి చెప్పుకుంటున్న కొత్త ఆస్ట్రియా. యేగర్‌స్టెట్టర్ అందరిలా హిట్లర్‌కు ప్రమాణం చేసి, రష్యాలో ఎక్కడో తూటా తగిలి పోయి ఉంటే ఆ పింఛను ఆమెకు ఎప్పుడో వచ్చేది.