టీచరమ్మా, మిమ్మల్ని పొగుడుతున్నాను

అంగన్‌వాడీ టీచరమ్మా, మిమ్మల్ని పొగుడుతున్నాను. మీ చెవిన పడాలని మాత్రమే కాదు. మీకు పని పురమాయించేవాళ్లూ, మీ సెంటర్ ముందు నుంచి రోజూ నడిచిపోయే మాలాంటివాళ్లూ వినాలని పొగుడుతున్నాను. ఇందులో ఒక్క మాటా అబద్ధం కాదు. ఎవరికి గుచ్చుకోవాలో వాళ్లకు గుచ్చుకోవాలి.

ముందు మీ చేతి గురించి చెప్పాలి. మొన్న మీ గుమ్మంలో నిలబడి చూశాను. మూడేళ్ల పిల్ల గుడ్డులో తెల్లసొన తినేసి పచ్చసొన ఉమ్మేస్తోంది. మీరు కసరలేదు. పచ్చసొన వేళ్లతో చిదిపి పప్పన్నంలో కలిపి, కాకి ముద్ద, పిచ్చుక ముద్ద అంటూ పెట్టారు. ఆఖరి మెతుకు దాకా తినేసింది. తర్వాత దాని జబ్బకు రంగుల టేపు చుట్టారు, బిగించకుండా, జారిపోకుండా. కొలత పసుపు మీద ఆగింది. 12.5 సెంటీమీటర్లు దాటితే ఆకుపచ్చ, 11.5 కంటే తగ్గితే ఎరుపు. ఎరుపంటే పిల్ల ప్రాణం మీదికొచ్చినట్టే. ఆ పిల్ల జబ్బ కిందటి నెల ఎంతుందో రిజిస్టరు తెరవకుండానే చెప్పారు మీరు. ఊరిలో ఇంకెవరికీ, దాని తండ్రికి కూడా, తెలియని లెక్క అది.

అలాంటి చేతులు ఈ దేశంలో ఎన్ని! 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన అంగన్‌వాడీ పథకం ఇప్పుడు దాదాపు 14 లక్షల సెంటర్లయింది. పాలు, గుడ్లు, బాలామృతం, టీకాల రోజు, గర్భిణుల పేర్లు, ఆటపాటలు, అక్షరాలు, అన్నీ మీ మీదే పెట్టారు. ఇంత పెద్ద పనిని ఇంత చవగ్గా యాభై ఏళ్లు నిలబెట్టినవాళ్లు మీరు తప్ప ఇంకెవరూ లేరు. మీ పొదుపును పొగుడుతున్నాను. కేంద్రం ఇచ్చే వాటా 2018లో 3,000 నుంచి 4,500 రూపాయలైంది. దానికి రాష్ట్రం కలిపింది కలుపుకుని, 2023లో మీరు సమ్మెకు దిగేనాటికి ఆంధ్రప్రదేశ్‌లో మీ చేతికి వచ్చేది 11,500. అందులోనే ఇల్లు గడిపి, బిల్లు ఆలస్యమైతే సెంటర్‌లో గ్యాసుకూ కూరగాయలకూ ముందు మీ డబ్బే పెట్టే మనసు మీది. అప్పు ఇచ్చేది మీరు, తీసుకునేది ప్రభుత్వం. వడ్డీ మాట మీరు ఏనాడూ ఎత్తలేదు.

మీకిచ్చేదానికి గౌరవ వేతనమని పేరు పెట్టాం. జీతమైతే పెంచమని అడగొచ్చు. గౌరవమంటే ఇచ్చినంత పుచ్చుకోవాలి. అమ్మ తర్వాత అమ్మ అన్నాం, సేవామూర్తులన్నాం, ఇటీవల టీచరని కూడా పిలుస్తున్నాం. పిలుపు మారినంత త్వరగా అంకె మారలేదు. అయినా టీచరనగానే మీ ముఖంలో వచ్చే వెలుగు చూశాను. ఆ వెలుగు చూసినప్పుడు నాకు సిగ్గేసింది.

మీ ఓర్పు సంగతి ఫోను దగ్గర తెలిసింది. ఫోనులోని పోషణ్ ట్రాకర్ యాప్‌లో ముఖం సరిపోలితే గానీ సరుకు ఇచ్చినట్టు లెక్క కాదు. ఒక బాలింత కూలికి వెళ్లి నేరుగా వచ్చింది, చంకలో బిడ్డ. ఓటీపీ ఆమె మొగుడి ఫోనుకు వెళ్లింది. అతను హైదరాబాదులో తాపీ పనిలో ఉన్నాడు, ఫోను ఎత్తడు. అతను ఎత్తేసరికి గడువు అయిపోయింది. మళ్లీ పంపారు. ఈసారి ఫొటో కుదరలేదు. ఆమెను గుమ్మం వెలుతురులోకి తెచ్చి, చెమట తుడిచి, చెదిరిన జుట్టు సర్ది, "కళ్లార్పు తల్లీ, ఒక్కసారి" అని మీరు బతిమాలుతుంటే సిగ్నల్ పోయింది. ఆ తల్లిని మీరు పదేళ్లుగా ఎరుగుదురు. ఆమె పెళ్లినాడు అన్నం వడ్డించారు కూడా. మీ మాట మీద నమ్మకం లేని ఫోను, మీ చేతిలోనే పెట్టారు. దాన్ని కూడా విసుక్కోకుండా చార్జింగు పెట్టుకుని తిరుగుతున్నారు. ఆ సమయమంతా లోపల ఇరవైమంది పిల్లలు ఆయా ఒక్కర్తె మీద ఉన్నారు.

మీ ధైర్యాన్ని మరీ పొగడాలి. పేమెంట్ ఆఫ్ గ్రాట్యుటీ చట్టం మీకూ వర్తిస్తుందని 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తీర్పు ఉండగానే, 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో గ్రాట్యుటీ కోసం, 26,000 జీతం కోసం మీరు చలిలో రోడ్డు మీద కూర్చోవలసి వచ్చింది. చాలాచోట్ల మీ సెంటర్ల తాళాలు పగలగొట్టించారు. జనవరి 6న సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించారు. మీది ఒక్క రోజు కూడా ఆగకూడని అత్యవసర సేవ అని ప్రభుత్వమే కాగితం మీద ఒప్పుకున్న రోజది. నిజమే, అత్యవసరమే. ఆ మాట జీతం చీటీ మీద రాయవలసింది, శిక్ష వేసే ఉత్తర్వులో కాదు. మీరు 42 రోజులు కదల్లేదు. మాలో ఎంతమందిమి వచ్చి మీ పక్కన ఒక్క పూట కూర్చున్నాం? నేను రాలేదు.

తిరిగి సెంటర్ తెరిచిన రోజు ముందు చీపురు పట్టారని, తర్వాత పిల్లల బరువులు తూచారని మీ ఆయా చెప్పింది. ఆ సమ్మె రోజుల్లో తగ్గిన పిల్లలు ఎవరో వరసగా పేర్లు చెప్పి బాధపడ్డారట. ఆ బాధ మీకెందుకమ్మా? ఆ రోజులకు జవాబు చెప్పవలసినవాళ్లు వేరే ఉన్నారు.

మొన్న నేను తిరిగి బయల్దేరేసరికి మధ్యాహ్నమైంది. పచ్చసొన తిన్న ఆ పిల్ల గోడవారన నిద్రపోయింది. కింద జరీ అంచు శాలువా ఉంది. మార్చి 8న మహిళా దినోత్సవం సభలో మిమ్మల్ని స్టేజీ ఎక్కించి కప్పిన శాలువా. నాలుగు మడతలు వేసి పరిచారు. జరీ గుచ్చుకుంటుందని అంచు అడుగుకు మడిచారు.