యాడికి బస్సు సంవాదం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: గుత్తి బస్టాండులో ఎక్కిన ఒక పెద్దాయనకూ కండక్టరుకూ నడిచిన సంవాదమిది. కర్త ఎవరో తెలియదు. కాలం కరవుకాలమని అంతఃసాక్ష్యం.

మూలం:
"యాడికి, పెద్దాయనా?"
"యాడికే."
"అదే, యాడికని అడుగుతాండా."
"అదేప్పా, యాడికనే నేనూ చెప్తాండా."
"టిమ్ము మిషన్లో కొట్టల్ల. ఊరి పేరు చెప్పు."
"ఊరి పేరే అది!"
"ఓహో, ఆ యాడికా! హెచ్చెల్సీ నీళ్లొచ్చినాయా మీకు?"
"ఎంపీఆర్ డ్యాంలో ఉండాయంట. మా పక్కకు ఇంగా రాల్యా."

ప్రతిపదార్థం: యాడికి = ఎక్కడికి; యాడికి = గుత్తికీ తాడిపత్రికీ నడుమనున్న మండల కేంద్రం. మొదటిదానిలోని 'కి' విభక్తి ప్రత్యయం. మన వ్యాకరణాలు దాన్ని షష్ఠిలో చేర్చాయి. రెండోదానిలోని 'కి' ఊరి ఒంట్లోది, ఊడదీస్తే ఊరే మిగలదు. శాస్త్రం ప్రకారమైతే పెద్దాయన 'యాడికికి' అని ఉండాలి. మిట్టమధ్యాహ్నం గుత్తి ఎండలో రెండో 'కి' పలికే ఓపిక ఆ శాస్త్రకర్తకైనా ఉంటుందా? ఇది యమకం. కండక్టరు మడకశిర వైపువాడని ఊహ్యం. గుత్తివాడైతే ఈ చిక్కులో పడడు.

టిమ్ము మిషను = టికెట్లిచ్చే యంత్రం. టికెట్ ఇష్యూయింగ్ మెషీన్ అనే పొడుగు పేరు టిమ్‌గా కుదించుకుపోగా, తెలుగు నోట 'ము' తగిలించుకుని లేచి కూర్చుంది. అందులో మెషీన్ ఉండగా మళ్లీ మిషను దేనికని తార్కికులు అడుగుతారు. లోపలున్న మెషీన్ ఎవరికీ వినబడదు కనుక.

హెచ్చెల్సీ = హై లెవల్ కెనాల్. హొస్పేట దగ్గరి తుంగభద్ర డ్యాం నుంచి బళ్లారి మీదుగా వచ్చే కాలువ. 'ఎగువ కాలువ' అనే చక్కని తెలుగు పేరు ఉండనే ఉంది, అయినా రైతు నోట హెచ్చెల్సీయే. చకారానికి ద్విత్వం వచ్చి సంధి కుదిరాక అది ఇంకా ఇంగ్లీషేనని వాదించేవాళ్లతో మనకు పేచీ లేదు. హంద్రీనీవా సుజల స్రవంతికి మాత్రం కాగితాల మీద ఎన్ని పొట్టి అక్షరాలు పెట్టినా జనం హంద్రీనీవా అనే అంటారు. రెండు నదుల పేర్లను అంత సులువుగా వదులుకుంటారా?

ఎంపీఆర్ డ్యాం: ఇక్కడే అసలు వివాదం. ఎంపీఆర్ అంటే మిడ్ పెన్నార్ రిజర్వాయర్. రిజర్వాయర్ పక్కన డ్యాం పునరుక్తి దోషమని పూర్వపక్షం. కాదు, కట్ట వేరు, కట్ట వెనక నిలిచిన నీళ్లు వేరు, కాబట్టి దోషం లేదని కొందరి సమాధానం. ఇదీ చాలదు. కరవు ఏడాది నీళ్లు అడుగంటితే రిజర్వాయర్ అన్న మాటకు ఆధారం ఉండదు, కట్ట మాత్రం ఎక్కడికీ పోదు. అందుకని జనం ముందుజాగ్రత్తగా డ్యాం కూడా చేర్చి పలుకుతున్నారు. ఇదే సిద్ధాంతం. పీఏబీఆర్ (పెన్నా అహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయర్) డ్యాంకూ ఇదే వర్తిస్తుంది.

తాత్పర్యం: పెద్దాయన ఊరికి పోతున్నాడు. నీళ్లు పోలేదు.

పాఠభేదాలు: గుత్తిని ఇంగ్లీషులో రెండు ఓలు పెట్టి రాస్తారు కనుక పైవాళ్లు 'గూటీ' అని చదువుతారు. 1899లో పోకాక్ లోకానికి పరిచయం చేసిన నీలిరంగు సాలెపురుగు కూడా పరదేశాల్లో ఆ పేరుతోనే తిరుగుతున్నది. రైల్వేవారు ఈ గొడవ లేకుండా జీవై అని తేల్చేశారు. అనంతపురం విషయంలో ఒకరు హెచ్ పెడతారు, ఒకరు తీస్తారు, సర్కారు చివర 'ము' కూడా చేర్చింది. రైలుకు మాత్రం అది ఏటీపీయే. జీవశాస్త్రం చదివే పిల్లలకు ఆ మూడక్షరాలే ఒంట్లోని శక్తి.

తాడిపత్రి ప్రతిలో కండక్టరు విసిగి రాయలచెరువుకు టికెట్టు కొట్టినట్టు ఒక వాక్యం అదనంగా ఉంది. ఛార్జీ తేడా వస్తుంది కనుక దాన్ని ప్రక్షిప్తమని తోసిపుచ్చాం.