రౌటరులో నెట్ ఊరుతుందా?

ఇంటర్నెట్ కంపెనీ కస్టమర్ కేర్ ముఖ్యాధికారి గారికి,

అనంతపురం జిల్లా నుంచి ఒక చందాదారు నమస్కరించి రాయునది.

ఫోన్ చేసిన ప్రతిసారీ మీవాళ్ల మొదటి మాట ఒకటే: రౌటరు ఆఫ్ చేసి, ముప్పై సెకన్లాగి ఆన్ చేయండి. మాకిది కొత్త వైద్యం కాదు. బోరు ఆగి ఆగి పోస్తుంటే మేమూ మోటారు ఆపి గంటసేపు ఓపిక పడతాం. ఆ గంటలో అడుగున నీళ్లు ఊరతాయి. రౌటరులో నెట్ ఎక్కడినుంచి ఊరుతుందో తెలియక అడుగుతున్నాను.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మాది. ఇక్కడ మోటారు మొరాయిస్తే ఫ్యూజు చూస్తాం, మూడు ఫేజులూ ఉన్నాయా చూస్తాం, స్టార్టరు చూస్తాం. పైపులు పైకి లాగేది ఆఖరునే. నేనూ అదే వరసలో పోయాను. నెట్ పోయినప్పుడు ల్యాప్‌టాప్‌కు నేరుగా లాన్ తీగ గుచ్చాను, అక్కడా లేదు. కాబట్టి మా రాతిగోడలే వైఫైని మింగుతున్నాయన్న మీ వాదన (మింగుతాయి, కాదనను, పడకగదిలో ఒక్క గీతే) ఇక్కడ చెల్లదు. అడాప్టరు మార్చాను. ఊహూఁ. అప్పుడు కనపడింది, ఎర్రగా మిణుకుమంటున్న ఎల్ఓఎస్ దీపం. అంటే ఫైబర్ తీగలోని వెలుతురు ఇంటిదాకా రావడం లేదు. అలాంటప్పుడు రౌటరును వందసార్లు ఆపి వేసినా ఎండిన బోరుకు కొత్త మోటారు బిగించినట్టే.

దొంగ ఆషాఢంలో దొరికాడు. పడమటి కనుమలు వానను తమ దగ్గరే ఉంచుకుని మాకు గాలిని పంపుతాయి కదా. 2017లో నెలకు 149 రూపాయలన్న ప్రభుత్వ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగానే వచ్చింది. మీరు ఆ సంస్థ కాకపోయినా మీ తీగదీ అదే దారి. గాలి లేస్తే తీగ ఊగుతుంది, స్తంభం మీది డబ్బా దగ్గర బిగుతుగా మడత పడి వెలుతురు కారిపోతుంది. గాలి తగ్గితే నెట్ వచ్చేస్తుంది. సరిగ్గా అప్పుడే నేను రౌటరు ఆపి వేసుంటే, మీ మందు పనిచేసినట్టు లెక్క! అదే గాలి రామగిరి గుట్టల మీద మరలు తిప్పి కరెంటు పుట్టిస్తోంది. మా వీధిలో నెట్ ఊడబెరుకుతోంది.

నా ఫిర్యాదును ఇప్పటికి నాలుగుసార్లు ‘పరిష్కరించి’ మూసేశారు. ఈసారి మూసేముందు తీగలోని వెలుతురు కొలిచే పవర్ మీటరుతో ఒక మనిషిని పంపండి. సాయంత్రం గాలివేళకు రమ్మనండి. పొద్దున వస్తే రీడింగు బంగారంలా ఉంటుంది. నిచ్చెన ఉందా అని పోయినసారి మీ కుర్రాడు అడిగి వెళ్లాడు. ఉంది. స్తంభానికి ఆనించే పెడతాం.

ఇట్లు,
మీ చందాదారు