మెడ నిలవని బూటు దొరలు

పిల్లల చెప్పుల దుకాణంలో ‘0–3 నెలలు’ అని రాసిన అర ఒకటుంటుంది. ఆ వయసు మనిషికి మెడ నిలవదు, బోర్లా పడడం రాదు. పాలు, నిద్ర, పక్క తడపడం తప్ప మరో వ్యాపకం లేదు. అయినా ఆయనగారి కోసం లేసులున్న స్పోర్ట్స్ బూట్లు సిద్ధం. జారకుండా అడుగున రబ్బరు గాట్లు కూడా! ఎక్కడ జారిపడతారని? ఉయ్యాల్లోనా?

కొనేది ఆయన కాదు కదా, బారసాల ఫొటో. పట్టుపంచె కింద తెల్లబూట్లు, పక్కన మురిసిపోతున్న తాతయ్య. ‘డాలస్ నుంచి మేనత్త పంపింది’ అని వచ్చినవాళ్లందరికీ డబ్బా చూపిస్తారు. ఇంట్లో ఉత్తకాళ్లే మంచివని, బూట్లు బయట తిరిగేటప్పుడు రక్షణకేనని ఆ అమెరికా పిల్లల వైద్యులే చెబుతున్నారు. డబ్బా వచ్చింది గానీ ఆ సలహాకి సూట్‌కేసులో చోటు చాలినట్టు లేదు.

మన ముసలమ్మలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అడుగులేస్తే అరిసెలు వండి, వాటి మీద బుజ్జిపాదాలతో నడిపించి, ఊరంతా పంచారు. అదే బూట్లతో తొక్కిస్తే ఆ అరిసెలు ఎవరు తింటారో చెప్పండి.

పెద్దవాళ్ల పాదంలో 26 ఎముకలుంటాయి. పుట్టిన బిడ్డ పాదంలో చాలాభాగం ఇంకా మెత్తటి మృదులాస్థే. వంపు దగ్గరుండే నావిక్యులర్ ఎముక చాలామందిలో రెండో ఏటో మూడో ఏటో గానీ గట్టిపడడం మొదలుపెట్టదు. వేళ్లతో నేలను పట్టుకుని, గచ్చు చల్లదనం, గడప ఎత్తు అరికాలితోనే తెలుసుకుంటూ పిల్లలు నిలదొక్కుకుంటారు. ఆ కాలికి గట్టి అట్టలాంటి అడుగు తగిలించి, ‘నడక త్వరగా వస్తుంది’ అంటాడు దుకాణంవాడు. వాడికి త్వరగా వచ్చేది బేరం.

ఇక తాతయ్య బెంగ వేరు. అరికాలు బల్లపరుపుగా ఉంది, రేపు పోలీసు సెలక్షన్లో తీసేస్తారేమో! అభ్యర్థి వయసు పదకొండు నెలలు. పసివాళ్ల అరికాలి కింద కొవ్వు మెత్త ఉంటుంది, వంపు కనబడదు. అది తేలడానికి ఏళ్లు పడుతుంది. వంపు తెప్పిస్తామనే ప్రత్యేక బూట్లనూ అమెరికాలో మూడేళ్లపాటు తొడిగి చూశారు. 1989లో ఫలితం చెప్పారు: తొడిగిన పాదాలకూ తొడగని పాదాలకూ తేడా లేదు.

అంతకంటే దగ్గర సంగతి, పక్క రాష్ట్రానిదే. కర్ణాటక వైద్యులు 4 నుంచి 13 ఏళ్ల పిల్లలు 2,300 మంది పాదముద్రలు తీసి 1992లో లెక్క చెప్పారు. బల్లపరుపు పాదాలు చెప్పులూ బూట్లూ వాడేవాళ్లలో 8.6 శాతం, ఉత్తకాళ్లవాళ్లలో 2.8 శాతం. ముందు భాగం మూసుకున్న బూట్లవాళ్లలోనే మరీ ఎక్కువ. ఒక్క సర్వేతో కారణం తేలదు, నిజమే. ఆ పాదాల్లో చాలావాటికి నొప్పీ ఉండదు. కానీ ఎల్‌కేజీ పిల్లకి మేజోళ్లు, నల్లబూట్లు, పైన టై బిగించి, ఉక్కపోతలో ప్రార్థనకి నిలబెట్టే మన బడులు ఆ అంకెలకేసి ఒకసారి చూస్తే బాగుండు.

అసలు వద్దనడం లేదు. మే నెల తారురోడ్డు, గాజుపెంకులు, ముళ్లు ఉత్తకాళ్లను కనికరించవు. మలంతో పాడైన మట్టిలోంచి కొంకిపురుగు చర్మం గుండానే లోపలికి దూరుతుంది. పిల్లాడు నిలకడగా నడుస్తూ బయటికి వెళ్తున్నాడంటే చెప్పులు కావాల్సిందే: తేలిగ్గా, అడుగు వంగేలా, ముందు వేళ్లు విప్పుకునేంత వెడల్పుగా. రెండు మూడు నెలలకోసారి సైజు చూడాలి. మనవాళ్ల పద్ధతి ఇంకోటి. ‘పెరిగే పిల్లాడు కదా’ అని రెండు సైజులు పెద్దవి కొంటారు. పిల్లాడు పెరిగేలోపు నాలుగుసార్లు బొక్కబోర్లా పడతాడు. అడుగడుక్కీ కీచుమనే రకమైతే, ఎక్కడ పడ్డాడో వీధివీధంతా తెలుస్తుంది, అదొక్కటే లాభం.

బారసాలకు బయల్దేరుతున్నవారికి ఒక మనవి. బూట్ల డబ్బా మానేసి డైపర్ల ప్యాకెట్ పట్టుకెళ్లండి. అందులో కొన్ని ఆ పూటే ఖర్చవుతాయి.