టాన్‌కు గోడ కట్టారు

మా రోజుల్లో లెక్కల పుస్తకంలో గ్రాఫు అచ్చుపడాలంటే పెద్ద తతంగం. క్లార్క్ టేబుల్స్ ముందేసుకుని విలువలు తీసి, గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి, ఫ్రెంచి కర్వు ఆనించి పెన్సిలుతో కలిపేవాళ్ళం. పైన ట్రేసింగు కాగితం పరిచి రోట్రింగు పెన్నుతో గీసిస్తే ప్రెస్సువాళ్ళు బ్లాకు చేయించేవారు. పెన్ను మొనలో ఇంకు ఎండిందా, ఆ పూట పని గోవిందా.

ఇప్పుడో! లాటెక్ అనే అచ్చుకూర్పు సాఫ్ట్‌వేర్‌లో రెండు లైన్లు కొడితే పీజీఎఫ్‌ప్లాట్స్ అనే ప్యాకేజీ గీసి పెడుతుంది. ఎంత పెద్దది చేసినా గీత అంచు చెదరదు. బాగుంది, కాదనను. గీసినదాన్ని ఎవడూ చూడడు, అదీ నా గొడవ.

మొన్న మా వీధి కుర్ర లెక్చరరు ప్రూఫు తెచ్చాడు. సైన్ ఎక్స్ అట, చూస్తే ఏటవాలు సరళరేఖ! "కంప్యూటరే గీసింది కదా మాస్టారూ" అంటాడు. హద్దులు చెప్పకపోతే అది −5 నుంచి 5 దాకా తీసుకుంటుంది. కోణాన్నేమో డిగ్రీల్లో లెక్కేస్తుంది. పది డిగ్రీల ముక్కలో సైన్ వంపు ఎక్కడ కనిపిస్తుందయ్యా? నీ ఎక్స్ రేడియన్లైతే 'డెగ్' తగిలించాలి.

ఇక టాన్. 89 డిగ్రీల దగ్గర విలువ 57 పైచిలుకు, 91 దగ్గర అంతే మైనస్. యంత్రానికి తెలిసిందల్లా చుక్కా చుక్కా కలపడమే. 90 మీద నిలువునా గోడ కట్టేసింది. అదీ గ్రాఫులో భాగమేనని పిల్లలు పరీక్షలో గీసొస్తారు. చేత్తో గీసేవాడైతే 80 దాటాక విలువలు ఎగబాకడం చూసి పెన్ను ఎత్తేసేవాడు. దీనికీ మందుంది: వై విలువకు హద్దు పెట్టి, 'అన్‌బౌండెడ్ కోఆర్డ్స్' దగ్గర 'జంప్' అని రాయాలి. అది రాయకుండా హద్దొక్కటే పెడితే, దాటిన చుక్కల్ని పారేసి, మిగిలినవాటిని మళ్ళీ కలిపేస్తుంది!

అసలు ఈ లాటెక్‌కు పునాది అయిన టెక్ పుట్టిందే ప్రూఫు చూడటం వల్ల. 1977లో డొనాల్డ్ క్నూత్ తన పుస్తకం రెండో సంపుటం కొత్త కూర్పు ప్రూఫులు చూసి, ఆ అచ్చు నచ్చక, తానే రాయడానికి కూర్చున్నాడు. వీళ్ళు ఆ టెక్‌నే వాడుతూ ప్రూఫు చూడరు.

"చుక్కలు 25 బదులు 500 పెడితే ఆ గోడ పోదా మాస్టారూ?" అన్నాడు కుర్ర లెక్చరరు.

"గోడ ఇంకా నిటారుగా లేస్తుంది నాయనా" అన్నాను. కాఫీ కూడా తాగకుండా వెళ్ళాడు.