ఫ్యాను ఆపండి, ఈగ కూర్చుంది

పురుగుల్ని దగ్గర నుంచి వీడియో తీయడానికి ఏమేం కావాలని అడిగితే మంచి కెమెరా, మాక్రో లెన్సు, బోలెడంత ఓపిక అని చెబుతారు. మొదటి రెండూ డబ్బు పెడితే దొరుకుతాయి. మూడోది రిటైరయ్యాక దానంతటదే వస్తుంది. ఎవరూ చెప్పనిదీ, ఏ కొట్లోనూ అమ్మనిదీ ఇంకొకటుంది. విజయవాడ ఎండాకాలంలో, నలుగురు కూర్చున్న హాల్లో, ఫ్యాను ఆపించగల పలుకుబడి. అది నాకు లేదు. అందుకే నేను తీసిన వీడియోల్లో చీమల మీసాలు తుపాను రోజున కొబ్బరిమట్టల్లా ఊగుతుంటాయి.

నా సరంజామా చిన్నదే. అరచేతిలో ఇమిడే కెమెరా, దాని మామూలు లెన్సు మూతికి బిగించే రేనాక్స్ 250 అనే జపాను భూతద్దం. దాని పవర్ 8. కళ్ళజోడు పవర్ ఏ కొలతలో చెబుతారో ఇదీ ఆ కొలతే. నా కళ్ళజోడు 2 దగ్గర ఆగింది, కెమెరాది 8కి పోయింది. ఒకరి చూపుని ఒకరం నమ్ముకుని కాలక్షేపం చేస్తున్నాం. ఆ అద్దానికి సుమారు 12 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే స్పష్టంగా కనబడుతుంది. రవ్వంత ముందుకొచ్చినా, వెనక్కి జరిగినా పొగమంచే. ఆ రవ్వంత ఎంతయ్యా అంటే దగ్గరదగ్గర 1 మిల్లీమీటరు. గండుచీమ కళ్ళు నిగనిగలాడుతుంటే నడుము మసక. నడుము దొరికిందనుకునేసరికి తల మాయం. లెన్సు రంధ్రం చిన్నది చేస్తే ఆ మేర కొంచెం పెరుగుతుంది గానీ వెలుతురు పడిపోతుంది. మరీ చిన్నది చేస్తే కాంతి అంచుల దగ్గర వంగి బొమ్మంతా మెత్తబడిపోతుంది. ఫొటోలు తీసేవాళ్ళు నయం. తల ఒకసారి, నడుము ఒకసారి, కాళ్ళు ఒకసారి తీసి కంప్యూటర్లో అతికించుకుంటారు. పరిగెత్తే చీమని ఏ దర్జీ అతుకుతాడు?

ఫోకస్ రింగు తిప్పుతూ కూర్చుంటే చీమ ఊరు దాటిపోతుంది. అందుకని రింగుని ముట్టుకోకుండా మనమే ముందుకీ వెనక్కీ ఊగాలి. ఊగుతూ ఊపిరి బిగబట్టాలి. వదిలితే ఆకు కదులుతుంది, వదలకపోతే గుండె కొట్టుకున్నప్పుడల్లా బొమ్మ అదురుతుంది. నా గుండె సలక్షణంగా పనిచేస్తోందనడానికి డాక్టరు తీయించిన కాగితాలకన్నా నా చీమల వీడియోలే గట్టి సాక్ష్యం.

ఇక ఫ్యాను. ఈ బాధ పడ్డవాళ్ళలో నాకన్నా పెద్దవాళ్ళున్నారు. 1897 ఆగస్టులో సికింద్రాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టరు సూక్ష్మదర్శిని ముందు కూర్చుని దోమల్ని కోసి చూస్తుండేవాడు. పంకా లాగనిచ్చేవాడు కాదు, గాలికి దోమ ముక్కలు ఎగిరిపోతాయని. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయని ఆయనే రాసుకున్నాడు. ఆ ఉక్కపోతలోనే ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా క్రిమి జాడ పట్టుకున్నాడు. 1902లో నోబెల్ ఇచ్చారు. ఈ కథంతా మా ఆవిడకి వివరంగా చెప్పి, “కాబట్టి ఒక్క పది నిమిషాలు ఫ్యాను ఆపు” అన్నాను.

“ఆయన మలేరియా కనిపెట్టాడు. మీరేం కనిపెడతారు?” అంది.

“ఈగ కాళ్ళు ఎలా నలుపుకుంటుందో చూద్దామని.”

ఫ్యాను మూడు నుంచి ఐదుకి వెళ్ళింది.

రాస్ కథలో నాకు బాగా నచ్చే మనిషి రాస్ కాదు, హుసేన్ ఖాన్. మలేరియా జ్వరంతో ఉన్న ఆయన్ని దోమలచేత కుట్టించి, కుట్టిన ఒక్కో దోమకీ ఒక అణా చొప్పున లెక్కకట్టి ఇచ్చారు. మా ఇంట్లో రాసూ నేనే, హుసేన్ ఖానూ నేనే. ఎడమచెయ్యి దోమకి అప్పగించి కుడిచేత్తో కెమెరా పట్టుకోవాలి. అణా ఇచ్చే నాథుడు లేడు. అయినా చూడవలసిన దృశ్యమే. కుట్టేది ఆడదోమ. సూది మోపగానే దాని పైతొడుగు విల్లులా వంగి పక్కకి తప్పుకుంటుంది. బక్కపలచని పొట్ట నా కళ్ళముందే, నా ఖర్చుతోనే, ఎర్రగా ఉబ్బుతుంది. సరిగ్గా ఆ ఘట్టంలో వంటింట్లోంచి వచ్చిన మా ఆవిడ “అయ్యో, ఏవండీ, దోమ!” అని ఫట్మని ఒక్కటిచ్చింది. నా దోమల వీడియోలన్నిటిలోకీ గొప్ప క్లోజప్ అందులోనే ఉంది. ఆవిడ గాజులు. అవి మాత్రం అణువణువూ ఫోకస్‌లో ఉన్నాయి.

ఈ విద్యలో ఆరితేరిన దొరలు ఒక సలహా ఇస్తారు. పురుగుల ఒంట్లో సొంత వేడి ఉండదు, చలికి కొయ్యబారి ఉంటాయి, కాబట్టి తెల్లవారుజామునే వెళ్ళండి, మంచుబొట్లతో సహా కదలకుండా దొరుకుతాయి అని. వాళ్ళ దేశంలో నిజమే కావచ్చు. మే నెలలో బెజవాడ తెల్లవారుజాము సంగతి వాళ్ళకేం తెలుసు? ఐదింటికి నేను బనీను పిండుకుంటూ వెళ్ళేసరికి పురుగులన్నీ స్నానపానాదులు ముగించుకుని డ్యూటీలో ఉంటాయి. కొయ్యబారి ఉండేది నా మోకాళ్ళే.

పైగా ఆ వేళకి వీధిలో నడకవాళ్ళు మొదలవుతారు. అరవై దాటిన మనిషి మురుక్కాలవ పక్కన గొంతుక్కూర్చుని నేలకేసి చూస్తుంటే మనవాళ్ళు ఊరికే పోరు కదా. “ఏం పోయిందండీ, ఉంగరమా?” అని ఒకాయన ఆగాడు. మాట్లాడితే ఊపిరి తగిలి ఆకు కదులుతుందని చెయ్యి ఊపాను. అవునన్నట్టు అర్థమైంది కాబోలు, ఆయనా కూర్చుని వెతకడం మొదలెట్టాడు. పాలబ్బాయి సైకిలు స్టాండు వేసి సెల్‌ఫోన్ లైటు వేశాడు. ఎదురింటి పిన్నిగారు చీపురు తెచ్చారు. చివరికి “చీమండీ, చీమ” అన్నాను. “చీమ పోయిందా?” అన్నారు పిన్నిగారు. అప్పటికి పోయింది మరి.

ఫ్రాన్సులో ఫాబర్ అనే మహానుభావుడికీ ఇదే జరిగింది. పురుగుల బతుకుల మీద పది సంపుటాలు రాసిన మనిషి. పొద్దున్నే ఒక రాయి మీద కూర్చుని కందిరీగ కోసం కాపు కాస్తుంటే ద్రాక్షలు కోయడానికి పోయే ముగ్గురు ఆడవాళ్ళు చూశారట. సాయంత్రం తిరిగొస్తూ చూస్తే మనిషి అక్కడే, అదే రాయి మీద. పాపం మతిలేనివాడని జాలిపడి శిలువ గుర్తు వేసుకుని వెళ్ళిపోయారు. మా వీధిలో ఆ మాత్రం జాలి కూడా లేదు. ఇప్పుడు నన్ను చూస్తే “ఇవాళేం పోయింది బాబాయిగారూ?” అంటున్నారు.

బయట పరువు పోయాక పెరట్లో పడ్డాను. అక్కడ ముద్దమందారం ఉంది, దాన్నిండా పిండినల్లి ఉంది. మా ఆవిడకి అది తెగులు, నాకది తిరనాళ్ళు. తెల్లటి పిండి పూసుకున్న పురుగులు కొమ్మని కరుచుకుని రసం పీలుస్తుంటాయి. వాటి వెనక చీమలు చేరి మీసాలతో తట్టితట్టి, అవి విసర్జించే తీపి బొట్టుని జుర్రుకుంటాయి. ఆ బొట్టు బయటికొచ్చి, మెరిసి, చీమ నోట్లోకి మాయమవడం తెర మీద పెద్దగా చూస్తే మనకే గుటక పడుతుంది. కొమ్మ కదలకుండా పట్టడానికి బట్టల క్లిప్పులంత మంచి పరికరం లేదు. ఒకటి కొమ్మకి, ఒకటి కర్రకి, ఒకటి లైటుకి అడ్డంపెట్టే తెల్ల కాగితానికి. ఈలోగా దండెం మీది నా లుంగీ పక్కవాళ్ళ మేడెక్కింది.

“పూజకి ఒక్క పువ్వు దక్కడం లేదు, రేపు వేపనూనె కొట్టేస్తాను” అని మా ఆవిడ నోటీసు ఇచ్చింది. రేపటికల్లా ఎంత దొరికితే అంత తీసుకుందామని కెమెరా పట్టుకున్న నాకు ఆ మందలో ఒక పురుగు తేడాగా తోచింది. అదే తెల్ల వేషం, కానీ ఒళ్ళు పెద్దది, నడక చురుకు. చూస్తుండగానే పక్కనున్నదాన్ని పట్టి నమిలేసింది! అది పిండినల్లి కాదు, పిండినల్లి వేషంలో తిరిగే క్రిప్టోలీమస్ పిల్ల. అక్షింతల పురుగుల జాతి. కాఫీతోటల్లో పొలుసుపురుగుని అణచడానికి 1898లో మన దేశానికి ఆస్ట్రేలియా నుంచి తెప్పించారు. పిండినల్లి మీదికి ద్రాక్షతోటల రైతులు కొని మరీ వదులుతారు. మాకు ఉచితంగా వచ్చింది. పరిగెత్తుకెళ్ళి మా ఆవిడకి చూపించాను.

“తెల్లగా ఉన్నవన్నీ పోవాలి” అంది. నేను కాళ్ళావేళ్ళా పడితే వారం గడువు ఇచ్చింది. వారం తిరిగేసరికి కొమ్మ శుభ్రపడింది. కొత్త మొగ్గలేశాయి. అయితే గడువు మధ్యలో ఒకరోజు నేను బ్యాంకుకి వెళ్ళినప్పుడు ఆవిడ వేపనూనె కొట్టిన మాట నిజం. ఇక ఆ మందారం ఎవరివల్ల బతికిందన్న విషయం మా ఇంట్లో తెమలదు.

అలా అని ఆవిడకి ఈ కళ మీద ఆసక్తి లేదనకూడదు. కదులుతున్నాయని నేను మొత్తుకుంటుంటే “స్ప్రే కొట్టేసి తీసుకోండి, ఇక కదలవు” అని సాంకేతిక సలహా ఇచ్చింది. ఈ సలహాకి చరిత్ర ఉందని తర్వాత తెలిసి నోరు మూసుకున్నాను. 1910లో లిథువేనియాలో స్టారెవిచ్ అనే ఆయన కొమ్ముపురుగుల కుస్తీ సినిమా తీయబోయాడు. అవి రాత్రిపూట తిరిగేవి, లైటు వేయగానే మొద్దుల్లా పడుకునేవి. ఆయన చచ్చిన పురుగుల కాళ్ళు తీసేసి, లక్కతో తీగలు అతికించి, కొంచెం కొంచెం కదుపుతూ ఒక్కో బొమ్మే తీసి కుస్తీ పట్టించాడు. బొమ్మల సినిమాలకి ఆయనో ఆదిపురుషుడు.

మనకీ ఒక ఈగ ఉంది లెండి. 2012లో రాజమౌళి సినిమా చూసి తెలుగు జనమంతా ఈగ కోసం ఈలలు వేశారు. ఇంటికొచ్చి ఆ చేత్తోనే పేపరు చుట్టి ఈగని కొట్టారు. ఆ సినిమా ఈగ కంప్యూటర్లో పుట్టింది, దర్శకుడు రమ్మన్నప్పుడు వచ్చేది. నా ఈగకి బందరు లడ్డూ ఎర పెట్టాలి. అది వాలగానే ముందు కాళ్ళతోనే రుచి చూస్తుంది. దాని నాలుక పాదాల్లో ఉంది మరి. అందుకే ఆ కాళ్ళని అంతలా నలిపి తుడుచుకుంటుంది. తర్వాత లడ్డూ మీద కాస్త ఉమ్మి, కరిగాక స్పాంజిలాంటి మూతితో అద్దుకుని పీల్చుకుంటుంది. ఇది చాలా బాగా వచ్చింది. చుట్టాలొచ్చిన రోజు పెద్ద టీవీలో వేశాను. చిత్రం, ఎవరూ లడ్డూ ముట్టుకోలేదు. షుగరని నాకెలాగూ పెట్టరు. పెట్టెడు లడ్డూలూ పనిమనిషి పట్టుకుపోయింది. ఆవిడ వీడియో చూడలేదు.

కెమెరా అంటే ఇష్టమున్న జీవి మా ఇంట్లో ఒక్కటే, గోడల మీద గెంతుతూ ఈగల్ని పట్టే సాలీడు. లెన్సు దగ్గరికి తెస్తే మిగతావన్నీ పారిపోతాయి, ఇది గిరుక్కున తిరిగి నాలుగు కళ్ళతో నిలబడి చూస్తుంది. (మిగతా నాలుగు పక్కలకి, వెనక్కి.) అద్దంలో తన బొమ్మ కనబడిందంటే పోటీగాడు వచ్చాడనుకుని చేతులెత్తి చిందులు తొక్కుతుంది. ఎనిమిది కాళ్ళు కాబట్టి అది పురుగు కాదని శాస్త్రం. వేషాలకి మాత్రం దానికే ఎక్కువ మార్కులు.

వేసవికి మా అత్తగారు వచ్చినప్పుడు కిటికీ చట్రం మీద ఒక కందిరీగ మట్టితో బుల్లి కుండ కట్టడం మొదలెట్టింది. ఇంట్లో కందిరీగ గూడు కడితే శుభం, కిటికీ మూయొద్దు అని ఆవిడ ఉత్తర్వు. నా జీవితంలో మొదటిసారి ఇంటి పెద్దల మద్దతుతో షూటింగ్ చేశాను. ఫ్యాను కూడా ఆపారు! తడిమట్టి ఉండ తేవడం, అంచు చుట్టూ తిప్పుతూ అతకడం, ఆకుపచ్చ పురుగుల్ని మోసుకొచ్చి లోపలికి కుక్కడం, మూత వేసేయడం, అన్నీ దొరికాయి. కొన్ని వారాలకి ఆ కుండకి చిల్లుపడి కొత్త కందిరీగ బయటికి రావడమూ దొరికింది.

“ఇదే నాయనా భ్రమర కీటక న్యాయం” అన్నారు అత్తగారు చేతులు జోడించి. పురుగు కందిరీగనే తలుచుకుంటూ తలుచుకుంటూ కందిరీగ అయిపోతుందని.

“అదేం కాదు అత్తయ్యగారూ. తల్లి ముందే లోపల గుడ్డు పెట్టింది. పురుగుల్ని కుట్టి, చావకుండా కదలకుండా చేసి పెట్టింది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వాటిని తిని పెరిగింది.”

“పురుగు లోపలికి వెళ్ళిందా?”

“వెళ్ళింది.”

“కందిరీగ బయటికి వచ్చిందా?”

“వచ్చింది.”

“మీరు తీసిందాంట్లో అదే ఉందిగా?”

“లోపల జరిగింది వేరండీ.”

“లోపల మీరు చూశారా అల్లుడుగారూ?”

“మట్టిలోంచి కనబడదు కదండీ.”

“8 పవర్ అద్దానికి కూడానా?” అని ఆవిడ జాలిగా చూశారు.

ఆ వీడియో ఇప్పుడు మా చుట్టాలందరి ఫోన్లలోనూ తిరుగుతోంది. కింద వ్యాఖ్యానం అత్తగారిదే. నిన్న తెనాలి నుంచి ఆవిడ చెల్లెలు వాయిస్ మెసేజీ పెట్టారు, అల్లుడుగారికి ఈ వయసుకైనా వేదాంతం వంటబట్టింది, సంతోషం అని.